జపాన్ జాజ్ దయవల్ల అంకాలమ్మ కూర్చుంది

కువైట్‌లో ఇళ్ళ పనులు చేసే మన ఆడవాళ్ళ మోకాళ్ళను కాపాడగలిగేది డాక్టర్లు కాదు. నొప్పి తైలాలు కాదు. ఎంబసీ అంతకన్నా కాదు. యాభై ఏళ్ళ కిందట జపాన్‌లో ఎవరో మహానుభావుడు ఊదిన సాక్సోఫోను!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. టోక్యోలో ఏదో ఇరుకు గదిలో, సిగరెట్ల పొగలో, నలుగురు మనుషులు వాయించిన జాజ్ సంగీతాన్ని ఇన్నేళ్ళకి మళ్ళీ నల్లటి వినైల్ రికార్డుల మీద అచ్చేసి అమ్ముతున్నారు. దీన్ని రీఇష్యూ అంటారు. నేను పింఛన్లు చూశాను, రేషన్ కార్డులు చూశాను, ఎన్నికల ముందు పంచే కుట్టు మిషన్లు చూశాను. ఇంతటి సంక్షేమ పథకాన్ని మాత్రం నా జన్మలో చూడలేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ళ పిచ్చి అని మీరు అనొచ్చు. బరువు, ధర, దుమ్ము పడితే గీతలు, ఎండ తగిలితే వంకర. పైగా ఇరవై నిమిషాలకోసారి లేచివెళ్ళి ప్లేటు తిప్పి వేయాలి. ఫోన్ మీద వేలు ఆనిస్తే వచ్చే సంగీతానికి ఇంత చాకిరీ ఎందుకు? అయ్యా, అమ్మా, ఆ చాకిరీలోనే ఉంది మహిమంతా! కాస్త ఓపిక పట్టండి.

ముందు నేనెవరో చెప్పుకోవాలి. పేరు బాలసుబ్బయ్య. ఊరు చిట్వేలి దగ్గర. ఫింటాస్‌లో సముద్రానికి రెండు వీధులు ఇవతల, ఒక కువైటీ ఇంట్లో హౌస్ డ్రైవర్ని. డ్రైవర్‌కి వ్యాసాలు రాసేంత తీరిక ఎక్కడిదని అడుగుతారేమో. డ్రైవర్ ఉద్యోగమంటేనే తీరిక! మాల్ బయట కూర్చోవడం, ఆస్పత్రి బయట కూర్చోవడం, పెళ్ళి హాలు బయట కూర్చోవడం. బండి నడిపేది తక్కువ, బండిలో కూర్చునేది ఎక్కువ.

అదే ఇంట్లో నా భార్య అంకాలమ్మ పనిమనిషి. అంటే మా సంసారంలో నేను కూర్చుని సంపాదించే మనిషిని, ఆవిడ నిలబడి సంపాదించే మనిషి. ఇద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్ ఒక్కడే, ఇద్దరికీ ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రెన్యువల్ ఒకే నెలలో వస్తుంది. మోకాళ్ళ దగ్గరే తేడా వచ్చింది.

ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన నియమం ఒకటుంది. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. పనిమనిషి కూర్చోకూడదు. ఈ మాట ఎవరూ నోటితో అనరు, అగ్రిమెంట్‌లో ఉండదు. కూర్చుంటే ఎవరూ తిట్టరు కూడా. కానీ ఆమె కూర్చున్న మరుక్షణం ఆ ఇంట్లో ఎక్కడో ఒక పని పుడుతుంది! అప్పటిదాకా బుద్ధిగా ఉన్న కర్టెన్లు మాసిపోతాయి. బీరువాలో చీమలు దూరతాయి. మేడ మీది బాత్రూం మామాకి, అంటే ఆ ఇంటి యజమానురాలికి, గుర్తొస్తుంది. "అంకా, ఖాళీగానే ఉన్నావా?" అని పిలుపొస్తుంది.

అందుకే తెలివున్న మనిషి కూర్చోదు. పని లేకపోయినా చేతిలో ఒక గుడ్డ పట్టుకుని, తుడిచిన బల్లనే తుడుస్తూ నిలబడుతుంది. మా ఆవిడ చేతిలో ఆ గుడ్డ లేకుండా నేను చూసింది తక్కువ. నిద్రలో దిండును తుడుస్తుంది, మీరు నమ్మినా నమ్మకపోయినా.

కిందటేడు క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "మోకాళ్ళు బాగా అరిగాయి, మధ్యమధ్యలో కాసేపు కూర్చుంటూ ఉండండి" అంది. అంకాలమ్మ నా మోచేయి పట్టుకుని లాగింది.

"యోవ్, ఆయమ్మను అడుగు. యాడ కుచ్చోవల్లనో అది గూడా చీటీలో రాసియ్యమను. మామాకు చూపిస్తా."

డాక్టరమ్మకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం. విశ్రాంతి గురించి చట్టంలో చక్కగా రాసి ఉందంటారు. చట్టం ఎప్పుడూ చక్కగానే రాస్తారండీ, దాన్ని చదివి వినిపించే మనిషే ఏ ఇంట్లోనూ దొరకడు.

ఇలాంటి సమయంలో జపాన్ మమ్మల్ని ఆదుకుంది.

మా బాబా, అంటే ఆ ఇంటి పెద్దాయన, ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా ట్రైనింగ్ కోసం యొకొహామాలో కొన్నాళ్ళు ఉన్నాడట. అక్కడ చిన్న చిన్న కాఫీ హోటళ్ళు ఉండేవట. గోడంత స్పీకర్లు పెట్టి జాజ్ రికార్డులు వేసేవాళ్ళట. లోపలికొచ్చినవాడు మాట్లాడకూడదు! కాఫీకి డబ్బులిచ్చి, నోరు మూసుకుని కూర్చుని, విని వెళ్ళిపోవాలి. మా చిట్వేలి టీకొట్లో ఈ రూలు పెడితే సాయంత్రానికల్లా కొట్టు ఎత్తేయాల్సిందే. కానీ మా బాబాకి ఆ హోటళ్ళు గుండెల్లో ఉండిపోయాయి. ఆ రికార్డులు అప్పట్లో వేసిందే కొన్ని వందలట, తర్వాత దొరకలేదట. ఇప్పుడెవరో పాత టేపులు వెతికి, బూజు దులిపి, మళ్ళీ వేస్తున్నారని తెలియగానే ముసలాయనకి పెళ్ళికొడుకు కళ వచ్చేసింది.

మొదటి పార్సెల్ తేవడానికి దజీజ్‌లో కార్గో గోడౌన్‌కి నేనే వెళ్ళాను. అక్కడ పనిచేసే మాబుది రాయచోటి. పార్సెల్‌ని ఎత్తి చూసి, అటూ ఇటూ ఊపి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది, దోసె పెనమా?"

"పాటలు మాబూ."

"పాటలా! ఇంత బరువా? ఎన్ని వేల పాటలుండాయన్నా దీంట్లో?"

"ఆరు."

మాబు నన్ను జాలిగా చూశాడు. "మీ బాబాకు ఎవరో బాగా టోపీ పెట్టినారు పో" అన్నాడు.

"ఒకవైపు మూడు. తిప్పి వేస్తే ఇంకోవైపు మూడు."

"తిప్పల్లనా? అంటే మనిషి లేసిపోయి తిప్పల్లనా? అదేం కర్మన్నా!"

ఆ రోజు నేను కూడా మాబుతో కలిసి పొట్ట పట్టుకుని నవ్వాను. అజ్ఞానం అంటే అదే.

మహిమ దారిలోనే మొదలైంది. ఆగస్టు ఎండ. వెంట వచ్చిన మామా గుడ్డల షాపులో పని ఉందని దిగింది. మామూలుగా అయితే దిగేటప్పుడు "ఏసీ ఆపు, పెట్రోల్ ఖలాస్ అవుతుంది" అంటుంది. నేను స్టీరింగు మీద కర్చీఫ్ వేసుకుని ఉడికిపోతాను. ఆ రోజు బాబా ఫోన్ చేశాడు. రికార్డు వేడికి అప్పడంలా వంగిపోతుందట, ఏసీ ఆపితే ఊరుకోనన్నాడు! వెనక సీట్లో ఆరు పాటలు చల్లగా పడుకున్నాయి. ముందు సీట్లో నేను, వాటి పుణ్యాన, కాళ్ళు చాపుకుని చల్లగా కూర్చున్నాను. దుకాణంలో ఇంకో గంట బేరమాడమ్మా అని మామాని మనసులో దీవించాను.

ఇక ఇంట్లో. ఆ పార్సెల్, దాని వెనకే వచ్చిన ఇంకో రెండూ విప్పి పైన ప్లాస్టిక్ తీసేయమని బాబా అంకాలమ్మకి చెప్పాడు. మా ఆవిడ ఏ పనైనా సగం చేయదు. ప్లాస్టిక్‌తో పాటు, అట్ట నడుముకు చుట్టి ఉన్న జపాన్ అక్షరాల కాగితం పట్టీలు కూడా తీసేసింది. కొత్త చీరకు చుట్టి వచ్చే కాగితం లాంటిది అనుకుంది పాపం. గట్టి కాగితం, పారేయడానికి మనసు రాలేదు. ఆ పట్టీలతో కొత్తిమీర కట్టలు కట్టి ఫ్రిజ్‌లో పెట్టింది.

ఆ పట్టీ లేకపోతే రికార్డు విలువ సగానికి పడిపోతుందని ఆవిడకెలా తెలుస్తుంది? నాకు తెలుసా? మీకు తెలుసా? మర్నాడు బాబా నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచాడు. కొత్తిమీర కట్ట మీద డ్రమ్ములు వాయించేవాడి పేరు, పుదీనా కట్ట మీద రికార్డు నంబరు! ముసలాయన ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు. మామా ఆయన బీపీ మాత్రల కోసం పరిగెత్తింది. పట్టీలన్నీ ఇస్త్రీ చేసి మళ్ళీ చుట్టారు. ఆ రికార్డుల దగ్గర ఇప్పటికీ కాస్త పుదీనా వాసన వస్తుంది.

అయినా అది చిన్న గండమే. పెద్దది వాక్యూమ్ క్లీనర్‌తో వచ్చింది.

బాబాకి ఆ సంగీతం ఎంత ఇష్టమంటే, మొదలైన కాసేపటికే నిద్రపోతాడు. ఒకరోజు ఆయన వాలు కుర్చీలో గుర్రు పెడుతున్నాడు, రికార్డు తిరుగుతోంది. మామా వచ్చి "యల్లా అంకా, హాలు" అంది. అంకాలమ్మ వాక్యూమ్ లాక్కుంటూ వెళ్ళింది. నేల అదిరింది. సూది ఎగిరి, రికార్డు ఈ చివర నుంచి ఆ చివరకు గీసుకుంటూ పోయింది. ఆ చప్పుడు నేను గేటు దగ్గర కారు కడుగుతుంటే వినిపించింది. బాబా నిద్రలోంచి లేచి పెట్టిన కేక పక్కింటివాళ్ళకి వినిపించింది.

ఆ కేకలోంచే కొత్త శాసనం పుట్టింది. రికార్డు తిరుగుతున్నంత సేపు హాల్లో ఎవరూ నడవకూడదు. వాక్యూమ్ వద్దు, మాప్ వద్దు, మనవళ్ళు వద్దు. ఆ సూది మొన వజ్రంతో చేస్తారట. వజ్రమైనా అరుగుతుందట! పాట అయిపోయాక ఊరికే తిరుగుతుంటే ఇంకా అరుగుతుందట. కాబట్టి బాబా నిద్రపోయినా సూదిని సమయానికి ఎత్తడానికి ఒక మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషి నిలబడి అటూ ఇటూ కదిలితే నేల అదురుతుంది కనుక, కదలకుండా కూర్చుని ఉండాలి.

"అంకా, కుర్చీ తెచ్చుకో" అన్నాడు బాబా.

పాఠకులారా, ఆ వాక్యాన్ని మళ్ళీ చదవండి. నేను రాసేటప్పుడు మూడుసార్లు చదువుకున్నాను.

డైనింగ్ టేబుల్ దగ్గరున్న వెల్వెట్ కుర్చీ, ఇన్నేళ్ళుగా దుమ్ము దులిపిన కుర్చీ, అందులో మా ఆవిడ కూర్చుంది. కూర్చుందంటే, అంచు మీద ఆనిందంతే. ఇంకాస్త జరిగితే కింద పడేది. కళ్ళు తలుపు వైపు. చేతిలో గుడ్డ అలాగే ఉంది. తుడవడానికి ఏమీ దొరక్క తన మోకాలినే తుడుచుకుంటోంది. సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర నాతో మొర పెట్టుకుంది.

"యోవ్, నాకు బయమైతాందయ్యా. పని తీసేస్తారేమో."

"కూర్చోమన్నది బాబానే కదే!"

"అదే గదా బయం. ఊరికే కుచ్చోమని ఎవురన్నా అంటారా?"

రెండో రికార్డుకి వీపు కుర్చీకి ఆనింది. ఆ తర్వాత చెప్పులు విప్పింది. ఇంకో పార్సెల్ వచ్చేసరికి, పియానో ఎక్కువగా ఉన్న రికార్డట అది, కళ్ళు మూసుకుంది! పాట అయిపోయి సూది టిక్ టిక్ మన్నప్పుడు మాత్రం కళ్ళు టక్కున తెరుచుకునేవి. లేచి, చంటిపిల్లని ఎత్తినట్టు ఆ సూది ఉన్న కడ్డీని ఎత్తి, ప్లేటు తిప్పి, మళ్ళీ కూర్చునేది. మెట్లెక్కేటప్పుడు "అమ్మా" అనడం తగ్గింది. రాత్రి మోకాళ్ళకి తైలం రాయమని నన్ను లేపడం తగ్గింది. ఇంతకన్నా వైద్యం ఏముంటుందండీ?

సంగీతం ఎలా ఉందని ఒకసారి అడిగాను.

"ఆ బూర ఊదే ఆయప్పకు ఇంట్లో ఏదో కష్టముండాది" అంది.

"నీకెట్లా తెలుసు?"

"లేకుంటే అంత పొద్దు ఎవురన్నా ఏడుస్తారా? అయినా ఒకటి బాగుండాదయ్యా. ఒకరు వాయిస్తాంటే మిగతావాళ్ళు కాసేపు ఊరకుంటాండారు. మళ్ళీ ఇంకొకాయప్ప అందుకుంటాడు. వంతులేసుకున్యారు. వాళ్ళ మేస్త్రీ ఎవరో గానీ ధర్మాత్ముడు."

ఈ సంగతి రికార్డుతో వచ్చే పుస్తకంలో రాశారో లేదో నాకు తెలియదు. అది జపాన్ భాషలో ఉంది, ఇంట్లో ఎవరికీ రాదు.

అయితే మామా ఊరుకుంటుందా? మామా చెడ్డ మనిషి కాదు. పండక్కి అందరికీ బట్టలు పెడుతుంది, జ్వరమొస్తే మాత్రలిస్తుంది. కానీ కళ్ళెదుట పనిమనిషి కూర్చుని ఉంటే ఆమెకి ఊపిరాడదు. రెండు రోజులు చూసింది. మూడో రోజు పళ్ళెంలో ములుఖియా ఆకు తెచ్చి ఒళ్ళో పెట్టింది, గోంగూరలాగా కాడల నుంచి ఒలవాలి. తర్వాత వెల్లుల్లి. తర్వాత ఇంటిల్లిపాది సాక్సులు, జతలు చూడమని. కూర్చునే చేసే పనే కదా, పోనీలే అనుకున్నాం.

ఇక్కడే జపాన్ గొప్పతనం చూడండి! ఆ సంగీతంలో మధ్య మధ్య ఒక్క తీగ మాత్రమే మోగే చోట్లు ఉంటాయి, బేస్ సోలో అంటాడు బాబా. ఆ నిశ్శబ్దంలో వెల్లుల్లి పొట్టు చప్పుడు బాబాకి వినిపించింది. ఒక కన్ను తెరిచాడు. "ఆ కాఫీ హోటల్లో చెంచా చప్పుడైతేనే బయటికి పంపేసేవాళ్ళు" అన్నాడు. అంతే, వెల్లుల్లి ఖలాస్. ములుఖియా ఖలాస్. సాక్సులకి చప్పుడు ఉండదు కదా అని మామా వాదించింది. సాక్సులు చూస్తే మనసు చెదురుతుందని బాబా కొట్టేశాడు.

ఆ విధంగా మా ఆవిడ, ఈ దేశం వచ్చాక మొదటిసారి, ఒళ్ళో ఏమీ లేకుండా కూర్చుంది.

సంగతి మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియాకి పాకింది. శుక్రవారం నేను కూరగాయలకి వెళ్తే మనవాళ్ళు చుట్టూ మూగారు. తిరుపాలమ్మ అనే ఆమె, మూడంతస్తుల ఇంట్లో పని, నా చేయి పట్టుకుని వదల్లేదు. "సుబ్బయ్యన్నా, మా మామాకు గూడా ఆ జబ్బు అంటించు. నీకు పుణ్యముంటాది" అంది. దోసె పెనమని నవ్విన మాబు ఇప్పుడు పార్సెల్‌ని రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకుని ఇస్తున్నాడు. వాడి భార్య హమీదా బీ సాల్మియాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. "అన్నా, మా హమీదా కఫీల్‌కు పాటల పిచ్చి లేదు. గుర్రాల పిచ్చి. గుర్రాలకు గూడా ఏమన్నా కుర్చీ ఉంటాదా?" అని అడిగాడు. నేను ఆలోచించి చెబుతానన్నాను.

నాకు రాత్రింబవళ్ళు అవే ఆలోచనలు. పనిమనిషికి వీసా కావాలని వచ్చే ప్రతి కఫీల్ ముందు రికార్డ్ ప్లేయర్ ఉందని రుజువు చూపించాలి! జీతం ఎంత, గది ఎంత అని కాదు, మీ ఇంట్లో ఎన్ని రికార్డులు అని మన ఆడవాళ్ళు ఎయిర్‌పోర్టులోనే అడగాలి. ఒకే ప్లేటు అయితే ఒప్పుకోకూడదు, రెండు ప్లేట్ల సెట్టు ఉండాలి. పెట్టెలో పదేసి వచ్చే బాక్స్ సెట్లున్న ఇల్లయితే జీతం కాస్త తగ్గినా ఫర్వాలేదు. జపాన్ ప్రభుత్వానికి కువైట్ తెలుగు మహిళల తరపున ఒక శాలువా పంపాలి. ఆ సాక్సోఫోను ఆయన బతికుంటే ఆయనకి మా ఊరి మామిడిపళ్ళు పంపాలి. ఇంట్లో ఆయన కష్టం ఏమిటో కూడా కనుక్కోవాలి, మాకు చేతనైన సాయం చేస్తాం.

ఇంత బాగా జరుగుతుంటే చూడలేకపోయింది కాలం. కాలం అంటే బాబా పెద్దకొడుకు. ఈద్‌కి వచ్చాడు, తండ్రికి కానుక తెచ్చాడు. కొబ్బరికాయంత స్పీకరు, వైరు లేదు. ఫోన్‌లో నొక్కాడు. అదే సాక్సోఫోను, అదే ఏడుపు, అదే జపాన్! "ఇందులో అన్నీ ఉన్నాయి బాబా. తిప్పక్కర్లేదు, సూది అక్కర్లేదు. ఎవరు ఎంత గెంతినా ఆగదు" అన్నాడు. అని, నిజంగానే గెంతి చూపించాడు. మనవళ్ళు కూడా గెంతారు. మామా నవ్వుతూ వాక్యూమ్ క్లీనర్ తెప్పించింది.

నాగరికత అంటే ఇదీ! ఆగని సంగీతం. ఆగని సంగీతం ఉన్న ఇంట్లో ఆగని పని ఉంటుందని ఆ కుర్రాడికి ఎవరు చెబుతారు? రికార్డ్ ప్లేయర్ మీద ముసుగు కప్పారు. వెల్వెట్ కుర్చీ డైనింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఈద్ బంధువులు దిగారు. అంకాలమ్మ గుడ్డ పట్టుకుని మళ్ళీ నిలబడింది. కొన్నాళ్ళకి మెట్ల మీద "అమ్మా" మళ్ళీ మొదలైంది. మోకాలు ఈసారి బూరెలా పొంగింది. గోడ పట్టుకుని నడుస్తోంది. మామా చూస్తే మనిషిని మార్చేస్తుందేమోనని, మామా ఎదురైనప్పుడల్లా గోడ వదిలేసి నిటారుగా నడిచేది.

ఇక అసలు సంగతికి వస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం మామాని జమియాకి, అంటే మా పేట కోఆపరేటివ్ బజారుకి తీసుకెళ్ళి తెచ్చాను. నా భుజం మీద నీళ్ళ సీసాల కార్టన్, చేతిలో బియ్యం బస్తా. మామా ముందు, నేను వెనక. మామా తలుపు తీసి మడమల చెప్పులతో టకటకా నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

ప్లేయర్ మీద ముసుగు లేదు. రికార్డు తిరుగుతోంది. బాబా వాలు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కన వెల్వెట్ కుర్చీలో మా అంకాలమ్మ.

మామా చెవి రిక్కించింది. నేనూ రిక్కించాను. ఏమీ లేదు. చిన్న కూత కూడా లేదు.

"మాఫీ సౌత్?" అంది మామా. చప్పుడేదీ అని.

నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. స్పీకర్ల స్విచ్ ఆపే ఉంది. ఇక నిలబడలేక, బాబా నిద్రపోవడం చూసుకుని, మా ఆవిడ ఉత్త ప్లేటుని తిప్పుకుంటూ కూర్చుంది! దొంగతనం కాదు, ద్రోహం కాదు, కూర్చోవడం. కానీ దొరికిపోయింది. అంకాలమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది, మోకాలు సహకరించలేదు. ఈ ఇంట్లో ఆవిడ అన్నం ఇక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడు బాబా ఒక కన్ను తెరిచాడు. తిరుగుతున్న ప్లేటుని చూశాడు, ఆపి ఉన్న స్విచ్‌ని చూశాడు. అంకాలమ్మ మోకాలిని కూడా చూశాడు. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ఉష్! బేస్ సోలో. చాలా సన్నగా ఉంటుంది."

మామా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేసింది! తర్వాత మెల్లగా వంగి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, శ్వయ్ శ్వయ్, నెమ్మది నెమ్మది అని తనకి తనే చెప్పుకుంటూ, పిల్లిలా అడుగులేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను మాత్రం కదలకూడదు కదా, నేల అదురుతుంది. భుజం మీద నీళ్ళు, చేతిలో బియ్యం. ఆ వినబడని బేస్ సోలో పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాను. అంకాలమ్మ నన్నే చూస్తోంది. కూర్చుని సంపాదించే మనిషి నిలబడి ఉన్నాడు, నిలబడి సంపాదించే మనిషి కూర్చుని ఉంది. మా పెళ్ళయ్యాక ఆవిడ ముఖంలో అంత ఆనందం నేను చూడలేదు. సూది చివరికి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. బాబా కళ్ళు తెరవకుండానే, "అంకా, రెండో వైపు" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, నా సలహా ఏమిటంటే తప్పకుండా వినైల్ రికార్డులు కొనిపించండి. స్పీకర్లు లేకపోయినా పనిచేస్తాయని మా ఇంట్లో రుజువైంది. సంగీతం కూడా అక్కర్లేదు. ఏదో ఒకటి తిరుగుతుంటే చాలు, దానికి కాపలాగా మన మనిషి కూర్చోవచ్చు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట మా ఇంట్లో బేస్ సోలో నడుస్తోంది. మామా కూడా ఈ మధ్య అది బాగుందంటోంది.

నాకు ఒక్కటే సందేహం మిగిలింది. బాబా మంచివాడు. మా ఆవిడ కోసం సొంత భార్యతో అబద్ధం ఆడిన మనిషిని నేనెలా తప్పు పడతాను? కానీ అంత చక్కటి అబద్ధం ఆడినవాడికి, అందులో సగం కష్టం కూడా లేని నిజం ఒకటి నోటికి రాలేదు. "అలసిపోయావు, కాసేపు కూర్చో" అని. సూది అరుగుతుందని ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. ప్లేటు వంగుతుందని కారులో ఏసీ ఆగలేదు. కాగితం పట్టీకి ఇస్త్రీ జరిగింది. మనిషి కూర్చోవాలంటే మాత్రం జపాన్ నుంచి పార్సెల్ రావాలి.

ఇది రాస్తుండగా అంకాలమ్మ గదిలోకి వచ్చింది. చేతిలో గుడ్డ. నా పక్కన నిలబడి, నేను రాస్తున్న బల్ల అంచు తుడవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరూ అనకపోతే నేనే అంటాను అనుకుని, లేచి నా కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

"కూర్చో" అన్నాను.

అంకాలమ్మ కుర్చీని చూసింది, నన్ను చూసింది. గది నాలుగు మూలలా వెతికింది.

"దేనికి కాపలా కాయల్లయ్యా?" అంది.